సినిమా యుద్ధంలో నేను దిద్దిన తుపాకీ

నడుస్తున్న యుద్ధాన్ని ఒక్క చెయ్యెత్తి ఆపినవాణ్ణి నేను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఉరవకొండకు పడమటగా, మా బావ బీడు చేను అవతలి గుట్టల దగ్గర, ఒక పొద్దున పది గంటల వేళ రెండు వందల మంది సైనికులు పరుగెత్తుతున్నారు. పొగ లేస్తోంది. ట్రాక్టరు మీద బిగించిన ప్లైవుడ్ ట్యాంకు ఒకటి మూలుగుతూ ముందుకొస్తోంది. హీరో తుపాకీ ఎక్కుపెట్టి దడదడ కాలుస్తున్నాడు. గొడుగు కింద కుర్చీలోంచి లేచి నేను చెయ్యి పైకెత్తాను. అంతే. తుపాకులు ఆగాయి. ట్యాంకు ఆగింది. పరుగెత్తేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు. డైరెక్టరు మైకు పట్టుకుని నా దిక్కు చూశాడు. "ఆ తుపాకీ పద్ధతి తప్పు," అన్నాను.

ఈ కథ నేను బస్టాండులో చెప్పాను, క్షౌరం షాపులో చెప్పాను, కంటి ఆసుపత్రిలో వరసలో కూర్చుని పక్కనున్నవాళ్లకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ సైనికులు కొంచెం పెరిగారు. ఇక్కడ రెండు వందలని రాసింది కాగితం మీద కదా అని తగ్గించి రాసిందే. ఇంకా తగ్గించాల్సి వస్తుంది. నాకు డెబ్బై దాటాయి. అబద్ధాన్ని నిలబెట్టాలన్నా ఓపిక ఉండాలి. ఆ ఓపిక నాకిప్పుడు పొద్దున టీ చల్లారేదాకానే ఉంటోంది.

సినిమావాళ్లు మా దిక్కు వచ్చింది మా కరువును చూసే. వాళ్లది యుద్ధం సినిమా. పడమటి సరిహద్దు ఎడారిలో ఎప్పుడో జరిగిన యుద్ధం కథ. నిజం ఎడారి దాకా పోవడం ఎందుకని, చెట్టూ చేమా లేని నేల వెతుక్కుంటూ వచ్చి మా బావ చేను చూశారు. వరసగా మూడేళ్లు వేరుశనగ చేతికి రాలేదు. నాలుగో ఏడు విత్తనం వేయనేలేదు. ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడా ఎండిన తుమ్మకంప. డైరెక్టరు నల్ల అద్దాలు తీసి నాలుగు దిక్కులా చూసి, "చాలా బాగుంది," అన్నాడట. ఆ నేలను చూసి బాగుందన్న మొదటి మనిషి ఆయనే.

మా అక్క ఆ మాట విని నా దగ్గరికి వచ్చింది. "ఏమి బాగుండాదంటరా? వాన లేక సచ్చిన చేను బాగుండాదంటనా?"

"వాళ్లకి అట్లదే గావల్లంట అక్కా."

"అయితే శానా ఉండాదని చెప్పు. కుందుర్పి దాకా చూపియ్యి."

వాళ్లకు నచ్చనిది ఒకటే, గాలిమరలు. గుట్టల మీద తెల్లగా తిరుగుతూ ఎటు చూసినా అవే కనిపిస్తాయి. ఆ యుద్ధం నాటికి గాలిమరలు లేవు కాబట్టి కెమెరా ఎటు తిప్పినా ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి "సార్, ఫ్యాను," అని అరిచేవాడు. అంత జాగ్రత్తపడినవాళ్లు తుపాకుల దగ్గర ఏం చేశారన్నది చెప్పబోతున్నాను.

మా బావ, అంటే అక్క మొగుడు, నిజమైన సైనికుడు. హవల్దారుగా రిటైరై వచ్చాడు. ఆ సినిమాలో తీస్తున్న యుద్ధంలోనే, ఆ ఎడారిలోనే, ఇరవై రెండేళ్ల వయసులో కందకంలో పడుకుని తుపాకీ కాల్చినవాడు. ఆయనకు ఎడమ చెవి పూర్తిగా వినపడదు. తుపాకీ కుడి భుజానికి ఆనించి కాల్చేవాళ్లకు ఎడమ చెవే గొట్టం దిక్కుకు ఉంటుంది, అందుకే ముందు అది పోతుంది. కుడి చెవిలో కొంచెం వినికిడి మిగిలింది. ఆయనతో మాట్లాడాలంటే కుడి పక్కకు పోయి, వంగి, తాపీగా మాట్లాడాలి.

సినిమా కంపెనీ నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. తలమీద టోపీ, నడుముకు వాకీటాకీ. బావ కానుగ చెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఆయన పక్కన నేను. ఆమె ఎడమ పక్కనుంచి వచ్చి, "ఇక్కడ మాజీ సైనికులు ఉన్నారట కదండీ, తుపాకుల విషయంలో మాకు కొంచెం సాయం కావాలి," అంది. బావ తల తిప్పలేదు. వినపడితే కదా.

"ఉన్నామమ్మా," అన్నాను నేను.

మొదట అన్నది "ఉన్నాం" అనే. మర్నాటికి అది "ఉన్నాను" అయింది. నాకొక కుర్చీ, దానికొక గొడుగు వచ్చాయి. అందరూ "సార్" అనడం మొదలుపెట్టారు. అరవై దాటాక నన్ను సార్ అన్నవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నేనూ సైన్యంలో పనిచేసిన మాట నిజం. పద్దెనిమిదేళ్లు. కానీ దర్జీగా. మాది ధర్మవరంలో మగ్గం నేసిన ఇల్లు. మగ్గం గుంటలో కూర్చోవడం ఇష్టం లేక కుట్టుమిషను నేర్చుకుని, బావ పోయినాడు కదా అని నేనూ పోయి చేరాను. మొదట్లో అందరికీ నేర్పినట్టే నాకూ పాతకాలపు త్రీ నాట్ త్రీ తుపాకీ చేతికిచ్చి ఐదు గుండ్లు కాల్పించారు. అవి ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. కాల్చడం నేర్పిన ఉస్తాదుకు తెలుసు, చెప్పలేదు. ఆ తర్వాత నా చేతికి వచ్చింది కత్తెర.

కాకపోతే తుపాకులతో నాకు పరిచయం లేదనడానికి వీల్లేదు. వాటికి దుమ్ము పట్టకుండా క్యాన్వాసు గుడ్డతో గలీబులు కుట్టింది నేనే. ఎస్సెల్లార్ అని పిలిచే రైఫిలు ఆ రోజుల్లో కొత్తది. దాని పొడవు, నడుము, మెడ నాకు జాకెట్టు కొలతలు తెలిసినట్టు తెలుసు. దానికి ఒక పక్కన చిన్న పిడి పొడుచుకుని ఉంటుంది. అది తగిలి గుడ్డ చిరగకుండా అక్కడ ఇంకో పొర వేసి కుట్టాలి. గలీబును లోపలి పక్క పైకి పెట్టి కుట్టి, ఆఖర్న దిండు గలీబు తిరగేసినట్టు తిరగేస్తాం కదా. మొదటిసారి ఆ సంగతి మరిచిపోయి పొర కుట్టాను. తిరగేసి చూస్తే అది అవతలి పక్కకు వచ్చింది. అట్లా నలభై గలీబులు. ఆ నలభై కుట్లూ ఒక్కడినే కూర్చుని విప్పాను. ఈ సంగతి బావకు చెప్పి నవ్వించింది నేనే. చెప్పకుండా ఉండాల్సింది.

షూటింగులో తుపాకులు తెచ్చినవాడు హైదరాబాదు మనిషి. అందరూ మాస్టర్ అనేవాళ్లు. అతని పెట్టెల్లో గ్యాసుతో మంట చిమ్మేవి ఎనిమిది, మిగతావి కొయ్యవీ రబ్బరువీ. గ్యాసుతో పేలేవన్నీ ఒకే రకం. కింద మ్యాగజైన్ అరటిపండులాగా వంకరగా ఉంటుంది.

"మాస్టర్, ఆ యుద్ధంలో మనవాళ్ల చేతిలో ఇది లేదే. మనది ఎస్సెల్లార్. గుండ్ల డబ్బా తిన్నగా ఉంటుంది," అన్నాను. ఇది బావ దగ్గర విన్నదే అయినా నిజమే.

అతను నన్ను తేరిపార చూశాడు. మనిషి చాలా అలసిపోయి ఉన్నాడు. "తెలుసు పెద్దాయనా. పదిహేనేళ్లుగా ప్రతి సినిమాలో ఎవరో ఒకరు ఇదే చెప్తున్నారు. నా దగ్గర ఉన్నవి ఇవే. రాజుల కథకైతే కత్తులు తెస్తా, యుద్ధం కథంటే ఇవి తెస్తా."

ఆ తర్వాత నేను ఊరుకోకుండా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎస్సెల్లార్ డబ్బాలో ఇరవై గుండ్లు పడతాయి. హీరో ఒక్క డబ్బా మార్చకుండా అరవై దాకా కాల్చాడు. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే దడదడమని డజను పోతున్నాయి. ఎస్సెల్లార్ అట్లా పేలదు, ఒక్క నొక్కుకు ఒక్కటే పోతుంది. పేలినప్పుడు భుజాన్ని గుద్దాలి, హీరో భుజం కదలనే లేదు. ఒంటిచేత్తో పట్టుకుని, పరుగెత్తుతూ, అర మైలు అవతలి గుట్టమీది మనిషిని కొట్టాడు. ఇదంతా సాయంత్రం బావకు చెబితే ఆయన పెద్దగా నవ్వలేదు.

"మేము కాల్చేటప్పుడు మనిషి యాడ అగుపడినాడప్పా," అన్నాడు. "ఆడనుంచి సద్దు వస్తే ఆ దిక్కు కాలిస్తిమి. మా సద్దు యిని వాళ్లు ఈ దిక్కు కాలిచ్చిరి. తగిలినోనికి తగిలె."

బావ చెప్పిన యుద్ధం అంతే. నాలుగు వాక్యాలు. యాభై ఏళ్ల పైన, అప్పటిదాకా ఆయన నోటివెంట నేను విన్నదీ అంతే. మిగతాదంతా నేను కల్పించి ఊళ్లో చెప్పుకున్నదే. బావ చేసినవి చాలాచోట్ల నేను చేసినట్టు కూడా చెప్పాను. ఆయన ఎప్పుడూ కాదనలేదు. వినపడలేదనే అనుకున్నాను.

సైనికుల వేషం వేసింది మా చుట్టుపక్కల రైతులే. వాళ్లకు కొయ్య తుపాకులిచ్చారు. వాళ్లు వాటిని పార మోసినట్టు భుజాన వేసుకుని తిరిగేవాళ్లు. షూటింగంటే నూటికి తొంభై పాళ్లు కూర్చోవడమే. మబ్బు పోవాలి, పొగ రావాలి, హీరో రావాలి. చేన్లో ఊరికే కూర్చున్న రైతు చేతులు ఊరుకోవు కదా. బోరు నీళ్లున్న పక్కచేన్లో ఆ ఏడు వేరుశనగ పీకారు. నేలలో తెగిపోయి మిగిలిన కాయలుంటాయని వీళ్లకు తెలుసు. నలుగురైదుగురు గొంతుక్కూర్చుని తుపాకీ గొట్టాలతో నేల గెలికి కాయలు ఏరడం మొదలుపెట్టారు. సైనికుడి టోపీ నిండా మట్టి కాయలు. గొట్టాల నిండా ఎర్రమట్టి. ఎవరికీ ఏమీ తప్పనిపించలేదు, నాకు కూడా. ఒక గుప్పెడు నాకిస్తే తిన్నాను.

అప్పుడే బావ అన్నం తినడానికి వస్తూ అది చూశాడు.

"రేయ్," అని అరిచాడు. వినపడనివాళ్లు అరిస్తే ఎంత గట్టిగా అరుస్తున్నదీ వాళ్లకు తెలియదు. చేను చేనంతా తిరిగి చూసింది. బావ పోయి ఒకతని చేతిలో కొయ్య తుపాకీ లాక్కుని, కూలబడి, తన తువాలు కొస మెలిపెట్టి గొట్టంలో దూర్చి మట్టి తీయడం మొదలుపెట్టాడు. అది కొయ్య. దానికి ఉన్నది బెత్తెడు లోతు రంధ్రం. ఆ రైతు బిత్తరపోయి, "ఉత్తుత్తిది పెద్దయ్యా అది," అన్నాడు. బావకు వినపడలేదు. నేను పోయి కుడి పక్కన కూర్చున్నాను.

"ఇసుక పోతే ఆగిపోతాది," అన్నాడు బావ, తల ఎత్తకుండా.

ఆ మధ్యాహ్నం కానుగ చెట్టు కింద ఆయన చెప్పింది ఇది. సైన్యంలో ఆయనకు ఒక సావాసగాడు ఉండేవాడు, శింగనమల పక్క పల్లెవాడు. ఇద్దరూ ఒకే కందకంలో ఉన్నారు. ముందురోజు పెద్ద ఇసుక గాలి వచ్చింది. తుపాకులు తుడుచుకునే వ్యవధి లేకపోయింది. ఎస్సెల్లార్‌లో ఒక గుండు పేలితే దాని పొగ ఒత్తిడే లోపలి యంత్రాన్ని వెనక్కి నెట్టి రెండో గుండును తెచ్చి పెడుతుంది. ఇసుక పడితే నెట్టదు. అప్పుడు ప్రతి గుండుకూ పక్కనున్న పిడిని చేత్తో వెనక్కి లాగాలి. ఒకటి కాల్చాలి, లాగాలి. ఇంకొకటి కాల్చాలి, లాగాలి. బావ తుపాకీ ఎట్లాగో నడిచింది. సావాసగాడిది నడవలేదు. అతను లాగుతూ కాల్చాడు, కాలుస్తూ లాగాడు. అట్లా ఆరో ఏడో కాల్చాక, లాగుతుండగానే తగిలింది.

అంతవరకైతే యుద్ధం. తర్వాత జరిగిందే బావను పట్టుకుని వదలనిది. అవతలి కందకంలోంచి చూసిన ఒకడికి, ఇతను కాల్చకుండా ఏదో పెనుగులాడుతున్నట్టు కనిపించింది. భయపడి తుపాకీ వదిలేశాడని వాడు ఎవరికో చెప్పాడు. ఆ మాట బావ సెలవు మీద రాకముందే శింగనమల దిక్కు చేరింది. బావ ఆ పల్లెకు పోయి తల్లికి జరిగింది చెప్పాడు. ఊళ్లోవాళ్లు విని తలలూపారు.

"సావాసగాడు కదా, అట్ల గాక ఎట్ల చెప్తాడులే అన్యారు," అన్నాడు బావ. "ఆయమ్మ సచ్చేదాకా అదే ఇనింది. ఇప్పుడు చెల్లెలు ఒకతె ఉండాది. ఆయమ్మా అదే ఇంటాంది. నేను చెప్తే ఎవురూ నమ్మలే. సినిమా చెప్తే నమ్ముతారు. నువ్వు ఆడ కుర్చీలో కూచోనుండావు కదా. ఒక్క మనిషి, ఒక్కొక్క గుండుకి పిడి లాక్కుంటా కాల్చేది చూపియ్యమని చెప్పు. పేరు వద్దు. ఊరు వద్దు. అది ఒగటి సరిగ్గా చూపిస్తే చాలు."

మా బావ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"అంతే కదా బావా. రేపే చెప్తా," అన్నాను.

మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడు కూడా చెప్పలేదు. నాలుగు రోజులు సాయంత్రం పూట బావ అడగడం, నేను ఆయన కుడి చెవిలో "చెప్పినా, రాసుకున్యారు," అనడం. అక్క చెంబుతో నీళ్లిస్తూ నా ముఖం చూసేది. "ఏమిరా సైనికుడా, నిజంగానే రాసుకున్యారా?" అనేది.

చెప్పకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నోరు తెరిస్తే, ఏదీ సార్ మీరే కాల్చి చూపించండి అంటారేమోనని భయం. చూపిస్తే నేను దర్జీనన్నది బయటపడుతుంది. కుర్చీ పోతుంది, గొడుగు పోతుంది, సార్ పోతుంది. ఎండకు తట్టుకోలేని వయసులో గొడుగు చిన్న విషయం కాదు. ఇట్లా సర్దిచెప్పుకున్నాను.

ఐదో రోజు షూటింగ్ ఆఖరి రోజు. ఈ కథ మొదట్లో నేను చెయ్యెత్తింది ఆ రోజే. ఇప్పుడు అసలు జరిగింది చెబుతాను. సైనికులు రెండు వందలు కాదు, అరవై మంది. వాళ్లే ఇటు ఒకసారి అటు ఒకసారి పరుగెత్తేవాళ్లు. నేను చెయ్యెత్తింది మంచినీళ్లు కావాలని. సరిగ్గా ఆ క్షణాన గుట్ట వెనకనుంచి గొర్రెల మంద ఒకటి యుద్ధంలోకి దిగింది. వందకు పైగా గొర్రెలు, ట్యాంకుకూ హీరోకూ మధ్య, తలలు వంచుకుని, ఎవరినీ లెక్కచేయకుండా. డైరెక్టరు "కట్" అని అరిచాడు. అన్నీ ఆగాయి. నేను చెయ్యెత్తి ఉన్నాను. దూరంనుంచి చూసినవాళ్లకు నేనే ఆపినట్టు ఉంటుంది. "ఆ తుపాకీ పద్ధతి తప్పు," అన్నమాట డైరెక్టరుతో అనలేదు. నీళ్లు తెచ్చిన అసిస్టెంట్ డైరెక్టరమ్మతో అన్నాను. అదీ గట్టిగా కాదు.

గొర్రెలను తోలడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆమె నా పక్కన నేలమీద కూర్చుని విన్నది. నేను బావ చెప్పిందంతా చెప్పాను. నాలుగు రోజులుగా చెప్పకుండా దాచింది ఒక్కసారిగా వచ్చేసింది. సావాసగాడు బావకు కాదు, నాకే అన్నట్టుగా చెప్పానన్నది కూడా ఇక్కడ రాసేస్తున్నాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. "సార్, ఇది పెట్టాలి. నేను డైరెక్టరు గారితో మాట్లాడతాను. మీరు మా ఆర్టిస్టుకు ఒక్కసారి చూపించండి," అంది.

హీరో పక్కన చచ్చిపోవాల్సిన నటుడొకడు ఉన్నాడు. నెమ్మదస్తుడు. అతన్ని కందకంలో పడుకోబెట్టారు. మాస్టర్ అతని చేతికి ఆ అరటిపండు తుపాకీయే ఇచ్చాడు. నేను పక్కన పడుకున్నాను. మోకాళ్లు ఒప్పుకోలేదు, ఇద్దరు పట్టుకుని పడుకోబెట్టారు. ఒకటి కాల్చు, ట్రిగ్గర్ మీది కుడి చెయ్యి తీసి ఇదిగో ఈ పిడి పట్టుకుని వెనక్కి లాగు, మళ్లీ కుడి చెయ్యి ట్రిగ్గర్ మీదికి తెచ్చుకుని ఇంకొకటి కాల్చు, మళ్లీ లాగు. పిడి కూడా కుడిపక్కన చేతికి అందేట్టుగానే ఉంది. అతను రెండుసార్లలో నేర్చుకున్నాడు. మధ్యాహ్నం తీశారు. డైరెక్టరు నా దిక్కు చూసి బొటనవేలు పైకెత్తాడు. ఇది మాత్రం నిజం, గొర్రెలు లేవు ఇందులో.

ఏడాది తర్వాత సినిమా వచ్చింది. అనంతపురం థియేటర్‌లో మధ్యాహ్నం ఆట. నేను, బావ, అక్క ఉరవకొండ బస్సులో పోయాం. బావ కబురుపెడితే శింగనమలనుంచి ఆ చెల్లెలు కూడా వచ్చింది. అరవై ఐదేళ్ల మనిషి, చేతిసంచిలో మందులు, నీళ్లసీసా. బావకు కుడి పక్కన కూర్చుంది.

రెండు గంటలు అన్నీ తప్పులే. గుండ్లు తగిలి ఇసుకలో నిప్పురవ్వలు లేచాయి. ఒక మూల గాలిమర రెక్క కూడా కనిపించింది. తర్వాత కందకం వచ్చింది. ఆ నటుడు పడుకుని ఒకటి కాల్చాడు. తుపాకీ ఆగింది. కుడి చెయ్యి తీసి పిడి లాగాడు. కాల్చాడు. మళ్లీ లాగాడు. థియేటర్‌లో ఈలలు ఆగిపోయాయి. మూడోసారి పిడి మీద చెయ్యి వేసి లాగుతుండగా తగిలింది. తుపాకీ మెల్లగా చేతుల్లోంచి జారి ఇసుకలో పడింది. ఆ పడటాన్ని చాలాసేపు చూపించారు. వెనక ఫ్లూటు. నేను చూపించింది చూపించినట్టు తెరమీద ఉంది. నా జీవితంలో నేను చేసిన పని అంత పెద్దదిగా ఎప్పుడూ చూడలేదు.

బావ ఏమీ అనలేదు. బస్టాండులో ఆమె బస్సు ఎక్కేముందు బావ కుడి చెవి దగ్గర వంగి, ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. నేను ఆమెకు అరటిపళ్లు కొంటూ కొంచెం దూరంలో ఉన్నాను, వినపడలేదు. వినాల్సిన పని కూడా లేదనుకున్నాను. యాభై ఏళ్ల మాట ఆ రోజుకు తీరింది. ఎన్ని అబద్ధాలు చెప్పినా ఒక్క తుపాకీనైనా సరిగ్గా చూపించి పోతున్నాననుకుంటే, ఈ అలసటలో కొంచెం హాయిగా ఉంటుంది.

ఇంతవరకూ రాసి, నిన్న పొద్దున కానుగ చెట్టు కింద బావ కుడి పక్కన కూర్చుని చదివి వినిపించాను. అక్క పక్కనే చేటలో కాయలు వలుస్తోంది. గొర్రెల దగ్గరికి వచ్చేసరికి, "అది మాకి ఎప్పుడో తెలుసులేరా," అంది. థియేటర్ సంగతి అయ్యాక బావ చెయ్యి చాపి కాగితాలు ఆపాడు.

"ఏ చెయ్యి అని రాసినావు?"

"కుడి చెయ్యి బావా."

"నేను ఎడమ చెయ్యి అని నీకి చెప్పలే, తెలిసే ఉంటాదిలే అనుకున్యా. ఎస్సెల్లార్‌కి ఆ పిడి ఎడమ పక్క ఉంటాదప్పా. ఎడమ చేత్తో లాగల్ల. కుడి చెయ్యి ట్రిగ్గర్ ఇడిసేదే లేదు. నువ్వు గలీబు తిరగేసి కుట్టినోనివి, నీకి అంతా తిరగేసే అగుపడతాది."

"మరి ఆ పొద్దు థియేటర్‌లో ఏమీ అనకపోతివే?"

"ఏమనల్ల? చెయ్యెత్తి సినిమా ఆపల్లనా?"

అక్క కాయలు వలవడం ఆపింది.

"బస్టాండులో ఆయమ్మ నాకి ఏమి చెప్పిందో తెలుసునా?" అన్నాడు బావ. "పోనీలే అన్నా, భయం అందురికీ ఉంటాది అనింది. తుపాకి జారి పడె కదా సినిమాలో. చెయ్యి ఇడిస్తే పడక ఏమి చేస్తాది? ఊరోళ్లు చెప్పిందే నిజమని కండ్లారా చూసి పాయె ఆయమ్మ. నేను కాదంటాంటేనే బస్సు కదిలిపాయె."

నేను కాగితాలు తిరగేసి పెన్ను మూత తీశాను. "ఇప్పుడు ఏమి రాయమంటావు బావా?"

"వాని ఎడమ చెయ్యి పిడి మింద ఉండె. కుడి చెయ్యి ఉండల్సిన తావునే ఉండె. తుపాకి కింద పడలే. సచ్చినంక వాని ఏలు ట్రిగ్గర్ మింద నుంచి నేనే ఇప్పదీసినా. శానాసేపు పట్టింది. అది రాయి. నీ గొర్రెల కత ఎవురికి గావల్ల."